సాకెట్ 7 మదర్‌బోర్డులో ప్రాసెసర్ మార్చడం ఎలా: పెంటియం 133 నుంచి ఎంఎంఎక్స్ 233, కే6-2 దాకా

"అటక మీద పెంటియం 133 ఉంది. ఒక కే6-2 400 చిప్పు దొరికింది. పడుతుందా?" చాలామంది అడిగే ప్రశ్న ఇది. పడుతుంది. పెంటియం ఇంటెల్‌ది, కే6-2 ఏఎండీది అయినా రెండూ సాకెట్ 7 (ప్రాసెసర్ కూర్చునే ఒక రకం గూడు) చిప్పులే, పిన్నులు చక్కగా దిగిపోతాయి. చిక్కు కూడా అక్కడే ఉంది. 3.3 వోల్టులు ఇస్తున్న సాకెట్‌లో 2.2 వోల్టుల చిప్పు కూడా అంతే సాఫీగా కూర్చుంటుంది, స్విచ్ వేయగానే కాలిపోతుంది. కాబట్టి ముందు బోర్డును చదవండి, చిప్పు తర్వాత కొనండి.

1990ల రెండో సగంలో వచ్చిన పెంటియం డెస్క్‌టాప్‌లకు, అంటే ఏటీ క్యాబినెట్లు, 72 పిన్నుల ర్యామ్, ముందువైపు టర్బో లైటు ఉన్న అసెంబుల్డ్ పీసీలకు, ఇక్కడ చెప్పేది సరిపోతుంది. 486కి గానీ, పెంటియం 2కి గానీ వర్తించదు.

ఏమేం కావాలి

- స్టార్ స్క్రూడ్రైవర్, సన్నటి ఫ్లాట్ స్క్రూడ్రైవర్
- మల్టీమీటర్. 300 రూపాయలదైనా చాలు, కానీ లేకుండా మొదలుపెట్టవద్దు
- థర్మల్ పేస్ట్, ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నూలు గుడ్డ
- ఫ్యాను ఉన్న హీట్‌సింక్. పాత పెంటియం హీట్‌సింక్ ఎంఎంఎక్స్ 233కి (తర్వాత వచ్చిన పెంటియం ఎంఎంఎక్స్‌కు) చాలదు. సాకెట్ 370 కోసం వచ్చిన చిన్న హీట్‌సింకులు ఈ సాకెట్ కొక్కేలకు పడతాయి. సాకెట్ ఏ కోసం చేసిన బరువైనవి మాత్రం వద్దు, వాటి స్ప్రింగ్ బిగువుకు పాత ప్లాస్టిక్ కొక్కెం విరుగుతుంది
- సీఆర్2032 బ్యాటరీ (మీ బోర్డులో నాణెం బ్యాటరీ ఉంటే)
- విడి జంపర్ క్యాపులు (బోర్డు మీది పిన్నులను జతగా కలిపి సెట్టింగు మార్చే చిన్న మూతలు) నాలుగైదు, ట్వీజర్లు, టార్చిలైటు
- కాగితం, పెన్ను. జంపర్లను కదిపే ముందు ఫోన్‌తో ఫొటోలు కూడా తీసుకోండి

చిప్పుల కోసం సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట కొత్త సామాను షాపుల్లో అడిగి లాభం లేదు. పాత బోర్డులు కొనే స్క్రాప్ వాళ్ళ దగ్గర వెతకాలి. సిరామిక్ చిప్పులను బంగారం కోసం కరిగించేస్తారు కాబట్టి దొరికినప్పుడే తీసుకోండి. కొనేటప్పుడు పిన్నులను పక్క నుంచి వెలుతురుకు పట్టి చూడండి, వరసలు గీత గీసినట్టు కనిపించాలి.

ముందు బోర్డు ఏ రకమో తేల్చుకోండి

బోర్డు మోడల్ పేరు సాధారణంగా పీసీఐ స్లాట్ల మధ్య అచ్చు వేసి ఉంటుంది. కనపడకపోతే కంప్యూటర్ ఆన్ చేసి, మెమరీ లెక్కపెడుతున్నప్పుడు పాజ్ కీ నొక్కండి. బయాస్ (ఆన్ చేయగానే ముందు నడిచే, బోర్డులోనే ఉండే ప్రోగ్రాము) అవార్డ్ కంపెనీది అయితే తెర అడుగున పొడుగాటి అంకె ఒకటి ఆగి కనిపిస్తుంది. దాన్ని రాసుకుని ద రెట్రో వెబ్‌లో వెతికితే చాలా బోర్డులకు జంపర్ పట్టిక దొరుకుతుంది. చిప్‌సెట్ (బోర్డును నడిపే ప్రధాన చిప్పులు) కూడా చూసుకోండి. పెద్ద ఇంటెల్ చిప్పు మీద 82437ఎఫ్ఎక్స్ అని ఉంటే 430ఎఫ్ఎక్స్, 82439హెచ్ఎక్స్ అయితే 430హెచ్ఎక్స్, 82437వీఎక్స్ అయితే 430వీఎక్స్, 82439టీఎక్స్ అయితే 430టీఎక్స్.

ఇప్పుడు అసలు విషయం. పాత పెంటియానికి (75 నుంచి 200 మెగాహెర్ట్జ్ దాకా, ఎంఎంఎక్స్ కానిది) ఒకే వోల్టేజీ చాలు, సుమారు 3.3. 1997లో వచ్చిన పెంటియం ఎంఎంఎక్స్‌కు రెండు కావాలి: లోపలి కోర్‌కు 2.8, బయటి సంకేతాలకు (ఐ/ఓ) 3.3. కే6-2కు కోర్ 2.2. మీ బోర్డు ఈ మూడింట్లో ఏవి ఇవ్వగలదన్న దాన్ని బట్టి మీ దారి ఉంటుంది.

ఒకే వోల్టేజీ బోర్డు: చాలా ఎఫ్ఎక్స్ బోర్డులు ఇలాంటివే. వీటిలో మామూలు ఎంఎంఎక్స్ గానీ కే6-2 గానీ పెట్టకూడదు. మూడు మార్గాలున్నాయి. ఒకటి, మామూలు పెంటియం 166 లేదా 200. రెండు, ఇంటెల్ పెంటియం ఓవర్‌డ్రైవ్ ఎంఎంఎక్స్ (166, 180, 200). వోల్టేజీ తగ్గించే సర్క్యూట్, ఫ్యాను దానిమీదే ఉంటాయి. మూడు, ఐడీటీ విన్‌చిప్. ఎంఎంఎక్స్ ఆదేశాలు ఉండి కూడా ఒకే 3.3 లేదా 3.52 వోల్టులతో నడుస్తుంది. దీని సంగతి చాలామందికి తెలియదు, ఇలాంటి బోర్డులకు మంచి చిప్పు. దశాంశ లెక్కల్లో మాత్రం నెమ్మది.

2.8 వోల్టుల దాకా దిగే బోర్డు: ఎంఎంఎక్స్ 233 పెట్టండి, అక్కడితో ఆగండి. "2.8లోనూ కే6-2 నడిచింది" అనేవాళ్ళు ఉంటారు. ఆ చిప్పు 2.1 నుంచి 2.3 మధ్య నడవాలని తయారీదారే చెప్పాడు. నాలుగు రోజులు నడవడం నిలబడటం కాదు.

2.2 వోల్టులు ఇవ్వగల బోర్డు: కొన్ని టీఎక్స్ బోర్డులు, 100 మెగాహెర్ట్జ్ బస్సు (ప్రాసెసర్‌కూ బోర్డుకూ మధ్య డేటా దారి) ఉన్న సూపర్ సాకెట్ 7 బోర్డులు (వయా ఎంవీపీ3, అలీ అలాడిన్ 5 చిప్‌సెట్లు) ఈ కోవకు వస్తాయి. కే6-2కు తగినవి ఇవే.

చిప్పు మీద రాత చదవడం

80502 అనే అంకె ఉంటే మామూలు పెంటియం, 80503 ఉంటే ఎంఎంఎక్స్. ఉదాహరణకు ఎఫ్‌వీ80503233 అంటే ఎంఎంఎక్స్ 233. ఏఎండీ చిప్పుల మీద కోర్ ఎంత, ఐ/ఓ ఎంత అని వోల్టులు నేరుగా రాసి ఉంటాయి. మోడల్ చివరి మూడు అక్షరాల్లో మధ్యది కూడా అదే చెబుతుంది. ఏఎఫ్ఆర్, ఏఎఫ్ఎక్స్ లాంటి వాటిలో ఎఫ్ ఉంటే 2.2, ఏహెచ్ఎక్స్‌లో హెచ్ ఉంటే 2.4. కే6-2 450లో రెండు రకాలూ ఉన్నాయి కాబట్టి మెగాహెర్ట్జ్ చూసి వోల్టేజీ ఊహించకండి. కే6-2 మీద 26351 అనే అంకె ఉందేమో కూడా చూడండి. దాని అవసరం 5వ మెట్టులో వస్తుంది.

చేసే పద్ధతి

1. బయాస్‌లోకి వెళ్ళి హార్డ్‌డిస్క్ వివరాలు (సిలిండర్లు, హెడ్లు, సెక్టార్లు, ఎల్‌బీఏనా నార్మలా) రాసుకోండి. ముప్పై ఏళ్ళ బ్యాటరీ ఈ పని మధ్యలోనే ప్రాణం వదలడం మామూలే. అప్పుడు హార్డ్‌డిస్క్‌ను వేరే పద్ధతిలో గుర్తించిన బయాస్ డేటాను తప్పుగా చదువుతుంది, ప్రాసెసర్ పాడైందని మీరు కంగారుపడతారు. ముఖ్యమైన ఫైళ్ళు, ముఖ్యంగా అను ఫాంట్లలో చేసిన పాత పేజ్‌మేకర్ ఫైళ్ళలాంటివి ఉంటే, ముందే వేరే డిస్కుకు కాపీ చేసుకోండి.

2. ప్లగ్గు పీకేయండి, స్విచ్ ఆపితే చాలదు. ఏటీ క్యాబినెట్‌లో ముందు బటన్ వెనక్కి వెళ్ళే నాలుగు లావు వైర్లలో 230 వోల్టుల కరెంటు నేరుగా ఉంటుంది. కొత్త కంప్యూటర్ల అలవాటుతో వాటిని ముట్టుకోవద్దు. ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లై) డబ్బా తెరవవద్దు. పని మొదలుపెట్టే ముందు క్యాబినెట్ ఇనుప భాగాన్ని ఒకసారి పట్టుకుని ఒంటి మీది స్టాటిక్ కరెంటు వదిలించుకోండి.

3. మదర్‌బోర్డు పవర్ కనెక్టర్లు రెండూ (పీ8, పీ9) తీయాల్సి వస్తే, తిరిగి పెట్టేటప్పుడు రెండింటి నల్ల వైర్లూ మధ్యలో పక్కపక్కన రావాలి. నలుపు పక్కన నలుపు. తారుమారైతే బోర్డు పోతుంది, రెండో అవకాశం ఉండదు.

4. హీట్‌సింక్ క్లిప్పు తీయండి. పనంతటిలో ఎక్కువ బోర్డులు పాడయ్యేది ఇక్కడే. స్క్రూడ్రైవర్ జారి సాకెట్ పక్కన ఉన్న సన్నటి రాగి గీతలను కోసేస్తుంది. క్లిప్పు కింద, బోర్డు మీద మడత పెట్టిన అట్టముక్క పరచి అప్పుడు నొక్కండి. హీట్‌సింక్ అతుక్కుపోయి రాకపోతే పైకి లాగకండి, మెల్లగా అటూ ఇటూ తిప్పండి. తర్వాత సాకెట్ పక్కనున్న లివర్‌ను కొంచెం బయటికి జరిపి నిలువుగా ఎత్తండి. చిప్పు దానంతటదే వదులవుతుంది.

5. చిప్పు బయట ఉండగానే జంపర్లు మార్చండి. మూడు రకాలు ఉంటాయి: బస్సు వేగం, గుణకం (బస్సు వేగాన్ని దేనితో గుణిస్తే ప్రాసెసర్ వేగం వస్తుందో ఆ అంకె), కోర్ వోల్టేజీ. మాన్యువల్ పక్కన పెట్టుకుని ఒక్కొక్కటే మార్చి, రాసుకోండి.

బస్సు 66 మెగాహెర్ట్జ్ దగ్గరే ఉంచండి. 75, 83 ఆశ చూపిస్తాయి గానీ వాటితో పాటు పీసీఐ కూడా 33 నుంచి 37.5కో 41.5కో పెరుగుతుంది. హార్డ్‌డిస్క్ డేటా చెడేది అలాగే.

గుణకం దగ్గర అందరూ తికమకపడతారు. మీ బోర్డులో 3.5 లేకపోవచ్చు. అయినా ఎంఎంఎక్స్ 233 నడుస్తుంది, ఎందుకంటే పాత పెంటియానికి 1.5 అని అర్థమయ్యే జంపర్ అమరికను ఎంఎంఎక్స్ 233 3.5గా చదువుకుంటుంది. 66 ఇంటూ 3.5, 233. అలాగే ఇందాకటి 26351 గుర్తున్న కే6-2లు 2 అనే అమరికను 6గా చదువుతాయి. అంటే బీఎఫ్2 జంపర్ (గుణకం జంపర్లలో మూడోది) అసలే లేని బోర్డు మీద కూడా 66 బస్సుతో 400 మెగాహెర్ట్జ్ వస్తుంది. ఆ గుర్తు లేని తొలితరం కే6-2లో అదే అమరిక మామూలుగా 2గానే ఉండిపోయి 133 వస్తుంది. 4, 4.5, 5, 5.5 కావాలంటే మాత్రం బీఎఫ్2 జంపర్ ఉండి తీరాలి.

6. వోల్టేజీ కొలవండి. సాకెట్ ఖాళీగా ఉండగా, హార్డ్‌డిస్క్ తగిలించి (లోడ్ లేకపోతే చాలా ఏటీ ఎస్‌ఎంపీఎస్‌లు సరిగా మొదలుకావు), కొద్ది క్షణాలు ఆన్ చేయండి. మీటర్ నల్ల ప్రోబు ఖాళీగా ఉన్న పవర్ కనెక్టర్ నల్ల వైరులో పెట్టండి. ఎర్ర ప్రోబుతో సాకెట్ పక్కనున్న మూడు కాళ్ళ రెగ్యులేటర్ల (వోల్టేజీ తగ్గించి ఇచ్చేవి) కాళ్ళను ఒక్కొక్కటిగా తాకండి. ఒకచోట 5, ఒకచోట 3.3 దగ్గర, ఇంకోచోట మీరు పెట్టిన కోర్ వోల్టేజీ కనపడాలి. రాగి తీగ చుట్టిన కాయిల్ ఉంటే దాని సాకెట్ వైపు కొస చూడండి. ఎంఎంఎక్స్‌కు 2.7 నుంచి 2.9, కే6-2కు 2.1 నుంచి 2.3 మధ్య రావాలి. ప్రోబు ఒకేసారి రెండు కాళ్ళకు తగిలితే షార్టవుతుంది, చేయి ఆనించి పట్టుకోండి.

కొన్ని బోర్డులు చిప్పును చూసి వోల్టేజీ వాటంతటవే మార్చుకుంటాయి. అలాంటివి ఖాళీ సాకెట్‌లో 3.3 మాత్రమే చూపించవచ్చు, మాన్యువల్‌లో రాసి ఉంటే గాబరా అక్కర్లేదు. కానీ అలా మార్చుకునే బోర్డుల్లో చాలావరకు దిగేది 2.8కే, 2.2కి కాదు.

ఇంకొక హెచ్చరిక. కొత్త వోల్టేజీ సెట్టింగును పాత పెంటియం పెట్టి పరీక్షించవద్దు. ఆ చిప్పు లోపల రెండు వోల్టేజీ దారులూ కలిసే ఉంటాయి. కోర్‌కు 2.8, ఐ/ఓకు 3.3 పెట్టి దాన్ని కూర్చోబెడితే రెండు రెగ్యులేటర్లను ఒకదానికొకటి తగిలించినట్టే.

7. కొత్త చిప్పు పెట్టండి. చిప్పు ఒక మూల కోసినట్టుంటుంది, పిన్నుల వైపు కూడా ఆ మూల అమరిక మిగతా మూడింటికంటే వేరుగా ఉంటుంది. సాకెట్‌లో దానికి సరిపోయే మూల ఎక్కడుందో చూసి కలపండి. లివర్ పైకే ఉండాలి. బరువు లేకుండా జారిపడ్డట్టు దిగాలి. దిగకపోతే నొక్కకండి, తీసి వంగిన పిన్ను వెతకండి. నొక్కితే లెడ్ బయటికి వచ్చే మెకానికల్ పెన్సిల్‌లోంచి లెడ్ తీసేసి, దాని మొన గొట్టాన్ని పిన్నుకు తొడిగి మెల్లగా నిలబెట్టవచ్చు. ఒక పిన్నును ఒకసారే వంచగలరు, రెండోసారికి విరుగుతుంది.

8. పాత పేస్టు ఆల్కహాల్‌తో తుడిచి, చిప్పు మధ్యలో బియ్యపు గింజంత కొత్త పేస్టు పెట్టండి. హీట్‌సింక్ నిటారుగా దించి క్లిప్పు బిగించండి. అడుగున గాడి ఉన్న సాకెట్ 370 హీట్‌సింక్ అయితే ఆ గాడి సాకెట్‌లో ఎత్తుగా ఉన్న వైపు రావాలి. తిరగబడితే ఒక అంచు లేచి ఉంటుంది, చిప్పుకు ఆనదు. ఫ్యాను వైరు తగిలించారా? మరోసారి చూడండి.

9. హార్డ్‌డిస్క్, సౌండ్ కార్డు తగిలించకుండా డిస్‌ప్లే కార్డు, ర్యామ్, ఫ్లాపీతోనే మొదటిసారి ఆన్ చేయండి. ఒక వేలు స్విచ్ మీదే ఉంచండి. పది సెకన్లలో తెర రాకపోతే ఆపేయండి. తెర వస్తే అరనిమిషం ఆగి, ఆఫ్ చేసి, హీట్‌సింక్ అడుగు తాకి చూడండి. గోరువెచ్చగా ఉండాలి.

రెగ్యులేటర్ వేడి సంగతి

చిప్పు చల్లగా ఉందని మురిసిపోతాం, పక్కన రెగ్యులేటర్ ఉడికిపోతుంటుంది. పాత బోర్డుల్లోని లీనియర్ రెగ్యులేటర్ 5 వోల్టుల్లో మిగిలినదంతా వేడిగా వదిలేస్తుంది. కోర్ వోల్టేజీ ఎంత తక్కువైతే మిగిలేది అంత ఎక్కువ. కే6-2 400 గరిష్ఠంగా 17 వాట్ల దాకా తీసుకుంటుంది, 2.2 వోల్టుల దగ్గర అది సుమారు 7.7 ఆంపియర్లు. 5లోంచి 2.2 పోతే 2.8, ఇంటూ 7.7 అంటే రెగ్యులేటర్ మీదే 21 వాట్లకు పైనే. చిప్పుకంటే ఎక్కువ! అదే ఎంఎంఎక్స్ 233కి 13 వాట్ల దగ్గరే ఆగుతుంది. కాబట్టి కే6-2 పెట్టినప్పుడు రెగ్యులేటర్‌కు అల్యూమినియం రెక్కలు లేకపోతే తగిలించండి, గాలి అటు తగిలేలా చూడండి. పక్కన ఉన్న కెపాసిటర్ల తల ఉబ్బి ఉంటే ముందు వాటిని మార్పించాలి. అవి అలా ఉండగా ఏ చిప్పు పెట్టినా మధ్యలో హ్యాంగ్ అవుతూనే ఉంటుంది. కాయిల్స్ ఉన్న స్విచింగ్ రెగ్యులేటర్ బోర్డులకు ఈ బాధ చాలావరకు లేదు.

సరిగా పని చేస్తోందో లేదో ఎలా తెలుసుకోవాలి

బయాస్ తెర మీద పేరు తప్పు పడితే అది లోపం కాదు. ఆ బయాస్ రాసేనాటికి మీ చిప్పు పుట్టి ఉండకపోవచ్చు. అసలు వేగం డాస్‌లో స్పీడ్‌సిస్‌తో, విండోస్ 98లో అయితే దానికోసం ఉన్న పాతతరం సీపీయూ-జెడ్‌తో చూడండి. క్యాచె (ప్రాసెసర్ త్వరగా అందుకునే చిన్న మెమరీ) సరిగా ఉందా అన్నది క్యాచెచెక్ చూపిస్తుంది. పాత పెంటియానికి ఎల్1 క్యాచె 8+8 కేబీ, ఎంఎంఎక్స్‌కు 16+16, కే6-2కు 32+32. క్యాచెచెక్ చూపే వేగంలో మొదటి మెట్టు ఈ జతలో ఒక అంకె (డేటా వైపుది) దగ్గర, రెండోది బోర్డు మీది 256 లేదా 512 కేబీ దగ్గర దిగాలి. రెండో మెట్టు కనపడకపోతే బయాస్‌లో ఎక్స్‌టర్నల్ క్యాచె ఆపి ఉంటుంది.

తర్వాత ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86+ ఫ్లాపీతో రెండు మూడు విడతలు. అది గట్టెక్కితే ఒక పెద్ద జిప్ ఫైలును పదే పదే టెస్ట్ చేయండి. సీఆర్సీ (ఫైలు చెడలేదని సరిచూసే అంకె) తప్పు ఒక్కటి వచ్చినా వదిలేయవద్దు. గుణకం ఒక మెట్టు దించి మళ్ళీ చూడండి. అప్పుడు పోతే లోపం వేడిదో వోల్టేజీదో, పోకపోతే ర్యామ్‌దో.

తరచూ వచ్చే ఇబ్బందులు

తెర నల్లగా, బీప్ కూడా లేదు: వోల్టేజీ, గుణకం జంపర్లు మళ్ళీ చూడండి. సరిగానే ఉంటే ర్యామ్ తీసి పెట్టండి. 72 పిన్నుల ర్యామ్ జతలుగా ఉండాలి, బోర్డు మీద బలం పడ్డప్పుడు అవే ముందు కదులుతాయి. ఒక పొడుగు, రెండు పొట్టి బీప్‌లు వస్తే డిస్‌ప్లే కార్డు వదులైంది, ప్రాసెసర్ బాగానే ఉంది.

విండోస్ 95 మొదలవుతూనే ప్రొటెక్షన్ ఎర్రర్: 350 మెగాహెర్ట్జ్, ఆపైన నడిచే కే6-2లకు ఇది తెలిసిన జబ్బే. లూప్ అనే ఆదేశాన్ని ఈ చిప్పు మరీ త్వరగా పూర్తి చేయడంతో విండోస్ టైమింగ్ లెక్క తప్పుతుంది. ఒక్కోసారి వస్తుంది, ఒక్కోసారి రాదు, అందుకే చిప్పు చెడిందనుకుంటారు. ఏఎండీకే6యూపీడీ అనే ప్యాచ్ వేయండి, లేదా విండోస్ 98 ఎస్ఈ ఎక్కించండి. ప్యాచ్‌ను ప్రాసెసర్ మార్చకముందే వేసుకుంటే సుఖం.

పాత డాస్ ప్రోగ్రాములో రన్‌టైమ్ ఎర్రర్ 200: టర్బో పాస్కల్‌లో రాసిన వాటిలో వస్తుంది, కారణం అలాంటి టైమింగ్ లెక్కే. ప్రోగ్రాముకు ప్యాచ్ వేయవచ్చు, లేదా బయాస్‌లో ఇంటర్నల్ క్యాచె ఆపి నడపవచ్చు.

కే6-2 పెట్టినా వేగం పెరిగినట్టు లేదు: పాత బయాస్ రైట్ అలొకేట్ అనే సౌకర్యాన్ని ఆన్ చేయదు. డాస్‌లో కే6ఇనిట్ లాంటి చిన్న యుటిలిటీతో ఆన్ చేయండి, తేడా కళ్ళకే తెలుస్తుంది. వీఎక్స్, టీఎక్స్ బోర్డులో 64 ఎంబీ కంటే ఎక్కువ ర్యామ్ ఉంటే, పైనున్న భాగానికి బోర్డు క్యాచె అందదు. విండోస్ పై భాగాన్నే ముందు వాడుకుంటుంది, అందుకే ర్యామ్ పెంచితే నెమ్మదిస్తుంది. 64 దగ్గర ఆగండి. రెండో స్థాయి క్యాచె కూడా చిప్పు లోపలే ఉన్న కే6-3, కే6-2+ చిప్పులకు ఈ పట్టింపు లేదు. కే6-2+ కోర్ వోల్టేజీ 2.0 అని మాత్రం మరిచిపోకండి.

అరగంట నడిచి హ్యాంగ్: మూత తీసి, పక్కన టేబుల్ ఫ్యాను పెట్టి నడపండి. అప్పుడు హ్యాంగ్ కాకపోతే రెగ్యులేటర్ లేదా హీట్‌సింక్. అప్పుడూ అయితే కెపాసిటర్లు, ఎస్‌ఎంపీఎస్ చూడండి. 5 వోల్టుల ఎర్ర వైరు నడుస్తుండగా 4.75 కంటే దిగకూడదు.

తీసేసిన పాత చిప్పును పిన్నులు నలగకుండా స్టాటిక్ నురుగులో గుచ్చి, దాని జంపర్ అమరిక రాసిన చీటీతో పాటు క్యాబినెట్ లోపలే ఒక మూల అంటించి ఉంచండి. రేపు ఎవరైనా ఆ పాత చిప్పును తిరిగి పెడితే, వోల్టేజీ జంపర్ కూడా వెనక్కి మార్చాలని ఆ చీటీయే చెబుతుంది.